ఇంటి మాట పేజీలో చేపల కొసరు

మా బడి వెబ్‌సైట్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. రోజూ పొద్దున్నే తెరిచి తెలుగు ఇంటిపని పెడతాను. సాయంత్రానికి దాని కింద వరసగా జవాబులు వచ్చి పడతాయి. "చూశాం. బాగుంది." పదిహేను ఇళ్ల నుంచి ఒకటే మాట. అవి రాసేది తల్లులూ కాదు, తండ్రులూ కాదు, బెల్లం మండీల్లో గుమస్తాలు. షావుకారి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. సరుకు రసీదుల్లాగే పిల్లల చదువు కూడా చూసేసి, బాగుందనేసి, తరవాతి పనిలో పడతారు. ఈ సంగతి నాకు తెలుసు, హెడ్మాస్టరుగారికి తెలుసు. అయినా ప్రతి సమావేశంలోనూ తల్లిదండ్రుల సహకారం చక్కగా ఉందని చెప్పుకుని టీ తాగుతాం.

ఆ వెబ్‌సైట్‌లో ఒకప్పుడు ఇంకో రెండు పేజీలు ఉండేవి. పెట్టింది నేనే, పీకేసింది నేనే. ఎందుకు పీకేశానో ఇన్నాళ్లూ ఎవరికీ నిజం చెప్పలేదు.

హెడ్మాస్టరుగారు విశాఖలో ఏదో శిక్షణకు వెళ్లి వచ్చి, ప్రతి తరగతికీ ఒక వెబ్‌సైట్ ఉండాలన్నారు. ఇంగ్లీషు సారు ట్యూషన్లున్నాయన్నాడు. హిందీ ఆవిడ కంటి ఆపరేషన్ అంది. అందరూ తలా ఒక వంక చెప్పి తప్పుకున్నాక అది తెలుగు పంతులమ్మ నెత్తిన పడింది. ఫోన్‌లో పండగ శుభాకాంక్షలు పంపడం తప్ప ఇంకేమీ రాని నేను, కంప్యూటరు సారు పక్కన పది రోజులు కూర్చుని నేర్చుకున్నాను. మొదట విసుక్కున్నాను. తరవాత నాకే సరదా పుట్టింది.

పదో తరగతికి మూడు పేజీలు పెట్టాను. మొదటిది ఇంటిపని. రెండోది "పిల్లల గొంతు". అందులో పిల్లలు పాఠమో పద్యమో చదివి తమ గొంతు రికార్డు చేసి పెట్టాలి. మూడోది "ఇంటి మాట". ఇది ఇంట్లో పెద్దవాళ్ల కోసం. రాయడం రాకపోయినా ఫరవాలేదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసి, తప్పు చేసినవాళ్లలా తలొంచుకుని వెళ్లిపోయే తల్లులను చూశాను. వాళ్ల చేత ఒక్కసారైనా నోరు విప్పించాలని నాకు కోరిక. ఆ కోరిక మంచిదే. నేనే దానికి సరిపోలేదు.

ఇంటి మాటలో ఎవరు మాట్లాడినా తరగతిలో అందరి ఇళ్లవాళ్లూ వినొచ్చు. ఈ సంగతి మొదటి సమావేశంలోనే చెప్పాను. పొద్దున్న పదింటికి పెట్టిన సమావేశం అది. ఆ వేళకు బేరాలు చేసుకునేవాళ్లు రాలేరని నాకు తట్టలేదు. రానివాళ్లకు విడిగా చెప్పాలనీ తట్టలేదు.

మొదటి రెండు వారాలూ ఆ పేజీ ఖాళీ. మూడో వారంలో ఒక గొంతు వినిపించింది. వెనకాల ఆటో చప్పుడు, ఎవరో బేరమాడుతున్న చప్పుడు, మధ్యలో స్పష్టంగా ఒక ఆడగొంతు.

"టీచరమ్మా, నానండి. మా గుంట సదివింది ఇన్నాను. మొదలు బాగా సదివింది. సివర్లో గబగబా సదివేసింది. ఆకలేసుంటాది. రేపు మల్లీ సదివించండి."

ఆమె పూడిమడక నుంచి చేపలు తెచ్చి మా ఊళ్లో అమ్ముకునే మనిషి. తెల్లవారుతూనే తట్టతో ఆటో ఎక్కుతుంది. అదే ఆటోలో, ఆ తట్టల మధ్యే ఇరుక్కుని కూతురు కూడా వస్తుంది. తల్లి మా బడి వెనక వీధి మలుపులో కూర్చుంటే, పిల్ల ఆమె పక్కనే కూర్చుని గంట కొట్టేవరకూ చదువుకునేది. బళ్లో రెండేళ్లు ఆలస్యంగా వేశారేమో, తోటివాళ్లకన్నా పొడుగ్గా, పెద్దమనిషిలా ఉండేది. యూనిఫారానికి చేపల వాసన అంటుతుందని పక్క బెంచీ వాళ్లు జరిగి కూర్చునేవారు. ఆ పిల్ల పట్టించుకున్నట్టు ఎప్పుడూ కనపడలేదు.

తల్లికి అక్షరం రాదు. కానీ గొంతు సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. ఎక్కడ కూతురు అర్థమై చదివిందో, ఎక్కడ ఊరికే చదివేసిందో పట్టేసేది. ఒకసారి ఇలా చెప్పింది.

"టీచరమ్మా, నిన్న పద్యం అరిసినట్టు సదివింది. అరిత్తే తలుపేసుకుంటారు, పిలిత్తే తలుపు తీత్తారు. ముప్పయ్యేళ్ల నుంచి ఈదుల్లో పిలుత్తన్నాను, నాకు తెల్దా? పిలిసినట్టు సదవమని సెప్పండి."

మర్నాడు తరగతిలో ఆ మాట అందరికీ వినిపించాను. ఆ రోజు నలభైమంది పద్యాన్ని పిలిచినట్టు చదివారు. బీయీడీలో నాకు ఎవరూ నేర్పని పాఠం అది.

ఆ గొంతులు ఆమె ఒక్కతే వినేది కాదు. పిల్ల తండ్రి గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద పనిచేసేవాడు. మా వైపు బెస్తవాళ్లు చాలామంది ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే ఉంటారు. ఆ ఏడు వెళ్తూ వెళ్తూ ఆయన ఒక మాట చెప్పి వెళ్లాడట. పిల్ల చదివింది చాలు, పిన్నితో పాటు రొయ్యలు వలిచే షెడ్డులో పనికి చేరిపోవాలని. తల్లి ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. బోటు ఒడ్డుకు వచ్చినప్పుడల్లా వెబ్‌సైట్‌లో కూతురు గొంతు వినాలి. విన్నాక కూడా ఆయన ఆపమంటే, అప్పుడు తల్లి పిల్లను బడి మానిపిస్తుంది. ఈ సంగతులన్నీ ఆమే ఇంటి మాటలో చెప్పింది, నేనొక్కదాన్నే వింటున్నాననుకుని. మిగతా ఇళ్లవాళ్లెవరూ ఆ పేజీ తెరవరు కదా అని నేనూ ఆమెను ఆపలేదు.

ఆయన విన్నాడు. ఒకే ఒక్కసారి ఇంటి మాటలో ఆయన గొంతు కూడా వచ్చింది. ఇంజను మోత, గాలి హోరు. వాటి మధ్యనుంచి, "అమ్మా, ఇన్నాను. సదువు" అన్నాడు. అంతే. మర్నాడు ఆ పిల్ల తరగతిలోకి వచ్చిన తీరు నాకింకా గుర్తుంది. ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి పాఠం చదివింది.

ఇక చేపల సంగతి చెప్పాలి. దాన్ని దాటేసి ఈ కథ చెప్పడం కుదరదు.

నాకు చేప లేని ఆదివారం ఆదివారమే కాదు. కానీ అప్పుడు మేమున్నది ఒక బెల్లం షావుకారి మేడ మీద వాటాలో. నీచు వండకూడదన్న షరతు మీదనే ఇల్లిచ్చారు. నీళ్లకు ఇబ్బంది లేదు, బడి దగ్గర, మావారు విశాఖ రైలెక్కడానికి స్టేషనూ దగ్గరే. అందుకని సరేనన్నాను. అని, ఆదివారం పొద్దున్నే కూరగాయల సంచి పట్టుకుని ఆ వీధి మలుపుకు వెళ్లేదాన్ని. చేపలు స్టీలు గిన్నెలో పెట్టి మూత బిగించి, పైన తోటకూర కట్ట పరిచి తెచ్చేదాన్ని. కిటికీలు మూసి, నాలుగు అగరొత్తులు వెలిగించి, దొంగలా వండుకునేదాన్ని. "టీచరుగారికి భక్తి ఎక్కువ" అని కింద ఇంటివాళ్లు అనుకునేవారు. విని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. కార్తీకమాసంలో కూడా ఆగలేని జిహ్వ నాది.

ఒక ఆదివారం తట్ట దించగానే మొదట కొన్నది నేను. ఆ రోజు తొమ్మిదింటికల్లా ఆమె సరుకంతా అమ్ముడైపోయిందట. అప్పటినుంచి నా చెయ్యి మంచిదని ఆమె నమ్మకం. ఎవరొచ్చినా ఆపి, నేను వచ్చి బోణీ చేసేదాకా కాటా ముట్టుకునేది కాదు. డబ్బిచ్చే కొనేదాన్ని, ఒక్క రోజు కూడా ఊరికే తీసుకోలేదు. తూకం అయ్యాక మాత్రం ఒక గుప్పెడు నెత్తళ్లు, వేలెడేసి చిన్న చేపలు, గిన్నెలో వేసేది. "కొసరమ్మా" అనేది. పక్కన కూర్చున్న కూతురు నా గిన్నెకు మూత పెట్టి ఇచ్చేది. బోణీ చేసిన చేతికి కొసరు వేయకపోతే ఆ రోజు బేరం సాగదని ఆమె లెక్క. మా షావుకారి కొట్లో కిలో బెల్లం కొన్నా పైన ఒక ముక్క విరిచి పెడతారు. మా అనకాపల్లిలో కొసరంటే తెలియని పసిపిల్లలు కూడా ఉండరు.

కార్తీకమాసంలోనే విశాఖలో వక్తృత్వ పోటీలు వచ్చాయి. బడికి ఒక్కరే. ఆ పిల్లను తప్ప ఇంకెవరినీ నేను అనుకోలేదు. మా షావుకారి అబ్బాయి కూడా అదే తరగతి, వాడూ బాగానే మాట్లాడతాడు. కానీ వాడికీ తెలుసు, ఆ పిల్ల తరవాతే తను. పోటీకి వెళ్లి వేదిక మీద మాట్లాడితే అది కూడా పేజీలో పెడతానని తల్లికి చెప్పాను. "అది ఇంటే ఆయన ఇంకేటీ అనడు టీచరమ్మా. కాలేజీకి కూడా పంపిత్తాడు" అంది. ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క పేజీ మీద నిలబడి ఉంది. అది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

పోటీకి ముందు ఒక సోమవారం పొద్దున్న మా షావుకారి గుమస్తా మండీలో కూర్చుని, అలవాటుగా వెబ్‌సైట్ తెరిచి "చూశాం, బాగుంది" రాయబోయి, వేలు జారి ఇంటి మాట నొక్కాడు. ఫోన్ గట్టిగా పెట్టి ఉంది. బెల్లం దిమ్మల ముందు రైతులు, తూకం వేసేవాళ్లు, షావుకార్లు అందరూ ఉన్నారు.

"టీచరమ్మా, నానే. నిన్న మీరు బోణీ సేసేరు, తొమ్మిదింటికి తట్ట కాళీ అయిపోనాది. మీ సెయ్యి అలగటిది. కొసరేసిన నెత్తళ్లు ఏపుడు కుదిరిందా? మీ మేడోళ్లకి వాసన తెల్లేదు కదా? మా గుంటని పోటీకి అట్టుకెల్తానన్నారు, మర్సిపోకండి."

ఒక్క ఊపిరిలో మూడూ చెప్పేసింది. చేపలు, మేడ, పోటీ. నాతో వీధి మలుపులో మాట్లాడినట్టే మాట్లాడింది పాపం. మండీ అంతా నవ్వారట.

మధ్యాహ్నం హెడ్మాస్టరుగారి గదిలోకి పిలుపొచ్చింది. షావుకారుగారు కుర్చీలో ఉన్నారు. ఆయన బడి కమిటీలో సభ్యులు కూడా. చేపలామెను కూడా పిలిపించారు. కుర్చీ చూపించినా కూర్చోకుండా, తడి కొంగు చుట్టుకుని గోడవార నిలబడింది. ఆమె కూతురు బయట వరండాలో ఉంది. తలుపు తీసే ఉంది.

షావుకారుగారు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"ఎవరేం తింటే నాకేటండీ మాస్టారూ. చేపలిచ్చి పిల్లని పోటీకి పంపించుకోడం ఏటని అడుగుతున్నాను. మా వాడు కూడా పోటీలో ఉన్నాడు కదా. రేపు ఊళ్లో ఏటనుకుంటారు?"

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇచ్చీడమేటి బాబూ? కొనుక్కున్నారు. నాను కొసరేసేను. బోణీ సేసినోళ్లకి కొసరెయ్యకపోతే ఎలగ? మీ కొట్లో బెల్లానికి మీరెయ్యరేటి?"

షావుకారుగారు హెడ్మాస్టరుగారి వైపు తిరిగారు. ఆయన కొసరు వేస్తారు. నాకే వేశారు, చాలాసార్లు. ఆ క్షణంలో నేను నోరు విప్పి, "అవును, కొన్నది నేనే, డబ్బిచ్చే కొన్నాను, ఈ పిల్ల మన బడిలో అందరికన్నా బాగా మాట్లాడుతుంది, కావాలంటే పేజీ తెరిచి వినండి" అంటే అయిపోయేది. నాలుగు ముక్కలు. పిల్లలకు వక్తృత్వం నేర్పేదాన్ని నేను.

హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు. "ఆ కొన్నావిడ మీరేనా మేడమ్?"

నాకు ఇల్లు గుర్తొచ్చింది. నీళ్లు, స్టేషను, నడిచి వెళ్లేంత దూరంలో బడి. మూసిన కిటికీలు, అగరొత్తులు. సామానుతో వీధిలో నిలబడ్డట్టు అనిపించింది.

"కాదండి" అన్నాను. "నేను ఈమె దగ్గర ఎప్పుడూ కొనలేదు."

ఆమె నన్ను చూసింది. ఎంతసేపో కాదు, కాటా ముల్లు నిలబడేంతసేపు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

"అవునండి, ఈయమ్మ కాదు" అంది హెడ్మాస్టరుగారితో. "అలగ మేడింట్లో ఉండే ఇంకో టీచరమ్మ ఉన్నాది, మీ బడి కాదు. ఆయమ్మకి సెప్పాల్సింది ఇందులో సెప్పేసేను. సదువు రాని మనిసిని. తప్పు నాదే."

నా అబద్ధానికి ఆమె కాపు కాసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న నన్ను పక్కకు లాగి, తను ముందుకొచ్చి నిలబడింది. షావుకారుగారు లేచి, "మీరు కాదని నాకు తెలుసు టీచరుగారూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూశాక ఆయనకు అంతా తెలుసని నాకు అర్థమైంది. ఇల్లు మాత్రం నిలిచింది.

"ఎవరిదైనా గానీ, మాట అంటూ పుట్టింది మేడమ్. ఈసారి ఆ అమ్మాయిని ఆపేద్దాం. ఆ మాటల పేజీ కూడా తీసేయండి" అన్నారు హెడ్మాస్టరుగారు. సరేనన్నాను. వరండాలోకి వచ్చేసరికి ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ప్రతి ఆదివారం నా గిన్నెకు మూత పెట్టిన పిల్ల అది. "నమస్తే టీచర్" అంది, రోజూ అన్నట్టే. నేను తల ఊపి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం కంప్యూటరు సారు, "ఆ ఒక్క మాట తీసేస్తే చాలు మేడమ్, మిగతావి ఉండనీయండి" అన్నాడు. మిగతావాటిలో కూడా బోణీలున్నాయి, కొసర్లున్నాయి, నా చెయ్యి మంచిదన్న మాటలున్నాయి. ఎవరైనా కూర్చుని వింటే నా అబద్ధం బయటపడుతుంది. పిల్లల గొంతు పేజీలో కూడా ఆ పిల్ల చదివిన చోటల్లా వెనక తల్లి గొంతు వినిపిస్తుంది. వీధి మలుపులో కూర్చుని రికార్డు చేసినవి కదా. రెండు పేజీలూ తీసేయమన్నాను. కాపీ పెట్టుకోమంటారా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. చివర్లో నొక్కాల్సింది నేనే. నిజంగా తీసేయాలా అని కంప్యూటరు కూడా ఒకసారి అడిగింది. నొక్కాను. ఆ పిల్ల చదివిన పాఠాలు, పద్యాలు, "పిలిసినట్టు సదవమని సెప్పండి" అన్న మాట, ఇంజను మోతలోంచి వచ్చిన ఆ "సదువు" అన్న మాట, అన్నీ పోయాయి.

పోటీకి షావుకారి అబ్బాయిని తీసుకెళ్లాను. వాడు పాల్గొన్నందుకు కాగితం తెచ్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కిటికీలోంచి చూస్తూ, "ఆ అమ్మాయైతే గెలిచేది టీచర్" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకున్నాను.

నెలా రెండు నెలల తరవాత ఆ పిల్ల బడికి రావడం మానేసింది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు పొద్దున్న వీధి మలుపుకు వెళ్లాను. పేజీ తీసేశాక అటు వెళ్లడం అదే మొదటిసారి. వెళ్లకపోవడానికి కారణం ముఖం చెల్లకపోవడమే. ఆమె తట్ట ముందు ఒక్కతే ఉంది.

"దాని అయ్య బోటు దిగేడండి" అంది, చేప తోముతూనే. "దిగి తన ఫోన్లో ఎట్టుకుని సూసేడంట. గొంతు నేదు. పక్కోళ్ల ఫోన్లో సూసేడంట, అందులోనూ నేదు. గుంటని బళ్లోంచి తీసేసేరు, తల్లీకూతుల్లు దాత్తన్నారు అన్నాడు. బళ్లోనే ఉన్నాదని ఎంత సెప్పినా ఇననేదు. బళ్లో ఉంటే గొంతేదీ అంటాడు. మా సెల్లికి ఫోన్ సేసి షెడ్డులో సేర్పించీసేడు."

"పేజీ నేను తీసేశానని చెప్పకపోయావా?"

"సెప్పేను. నా మాట వల్లే తీసేసేరన్నాను. నీ మాటకి బళ్లో పేజీ తీసేత్తారేటే అన్నాడు." చెయ్యి ఆపి తలెత్తింది. "టీచరమ్మా, ఒక్కపాలి ఆ గొంతు మల్లీ పెట్టండి. ఆయన ఇంటాడు. ఇంటే మారతాడు."

లేదని చెప్పాను. పాతవి పోయాయని, తిరిగి రావని చెప్పాను. కొత్త పేజీ పెట్టాలంటే హెడ్మాస్టరుగారిని అడగాలి, అడిగే ధైర్యం నాకు లేదు. ఆమెకు అది అర్థం కాలేదు. ఒకసారి అన్న మాట ఎక్కడికి పోతుందని అడిగింది. ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆయనతో నేనే మాట్లాడతానన్నాను.

బోటు మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయింది. రోజూ చేశాను, రోజూ దొరకలేదు. పదహారో రోజు ఆయన ఎత్తాడు. అదే ఇంజను మోత. మీ అమ్మాయిని తీసెయ్యలేదు, బళ్లో చాలా బాగా చదువుతోంది, పంపించండి అన్నాను.

"తమరు సెప్తే నమ్ముతాను టీచరమ్మా" అన్నాడు. "గొంతు పేజీ ఎందుకు తీసేసేరు?"

ఇంకొకసారి నాకు అవకాశం వచ్చింది. ఎదురుగా షావుకారు లేడు, హెడ్మాస్టరు లేడు. వేరావల్‌లో ఉన్న మనిషికి నిజం చెబితే నా ఇల్లు పోదు. అయినా నా నోటికి అలవాటైపోయింది.

"మెషీన్ పాడైందండి" అన్నాను.

అవతల ఆయన ఎవరితోనో ఇంజను తగ్గించమన్నాడు.

"రెణ్నెల్ల నుంచి బాగవనేదా అమ్మా? బోటింజను రెణ్నెల్లు పాడయితే మాకు కూడేది? మా గుంట ఏదో తప్పు సేసుంటాది. తమరు దాని పరువు తియ్యకూడదని దాత్తన్నారు. మంచోరు తమరు. ఇంక బడొద్దులెండి."

లైను పోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. నిజం చెప్పడానికే చేశానని ఇప్పుడు అనుకుంటాను. ఎత్తి ఉంటే చెప్పేదాన్నో లేదో నాకే నమ్మకం లేదు. చేయని తప్పు ఆ పిల్ల నెత్తిన పడింది, చేసిన నాకు మంచిదాన్నన్న పేరొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని కూడా అనలేను. కాలింది నా చేతులు కావు.

ఆ పిల్ల పదో తరగతి పరీక్ష రాయలేదు. రొయ్యల షెడ్డు వ్యాను పొద్దున్న మా బడి ముందు నుంచే వెళ్తుంది. కిటికీ పక్క సీట్లో, జుట్టు మీద ప్లాస్టిక్ టోపీతో ఒకట్రెండు సార్లు కనపడింది. చెయ్యెత్తి నమస్తే అంది. వ్యాను అద్దాలు వేసి ఉన్నాయి, గొంతు వినపడలేదు.

తరవాత ఏడాది ఆ మేడ మీంచి మేమే ఖాళీ చేశాం. ఎవరూ వెళ్లమనలేదు. నాకే అక్కడ అన్నం సహించలేదు. ఇప్పుడున్న ఇంట్లో ఏం వండుకున్నా అడిగేవాళ్లు లేరు. చేరిన మొదటి ఆదివారం, తోటకూర కట్ట లేకుండా ఒట్టి గిన్నె పట్టుకుని, అందరూ చూస్తుండగా ఆ మలుపుకు వెళ్లాను. తెల్లారి ఎంతోసేపు కాలేదు. ఆమె అప్పుడే తట్ట దించింది. పైన కప్పిన గోనె ఇంకా తీయలేదు.

"బోణీ నేను చేస్తాను" అన్నాను.

గోనె తీసింది. తట్ట నిండా చేపలు, ఒక్కటి కూడా ఇంకా అమ్మలేదు. కాటా తీసి తుడిచింది.

"బోణీ అయిపోనాదమ్మా" అంది. "ఎంత కావాల?"

కిలో అన్నాను. ముల్లు సరిగ్గా మధ్యన నిలబడేదాకా తూచింది. ఒక చిన్న చేప ఎక్కువైతే తీసి తట్టలో వేసింది. గిన్నె నా ముందుకు జరిపింది. నేను కాసేపు మూత పెట్టకుండా నిలబడ్డాను. ఆమె వేరే ఎవరినో పిలవడం మొదలుపెట్టింది.